ఘుణాక్షరాలు

సంస్కృత న్యాయాలలో ఘుణాక్షర న్యాయం ఒకటి. ఘుణమంటే కర్రను తొలిచే పురుగు. అది తన తిండికోసం కర్రను కొరుక్కుంటూ పోతుంది. పోయిన దారి ఒకచోట వంపు తిరిగి, మరొకచోట సున్న చుట్టి, చూసేవారికి ఏదో ఒక అక్షరంలా కనిపిస్తుంది. పురుగుకు అక్షరజ్ఞానం లేదు. రాయాలన్న సంకల్పమూ లేదు. అయినా అక్షరం పడింది. బుద్ధిపూర్వకంగా కాక యాదృచ్ఛికంగా సమకూడిన ఫలితాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు పండితులు ఈ న్యాయాన్ని ఉదాహరిస్తారు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగిందని చెప్పే కాకతాళీయ న్యాయానికి ఇది తోబుట్టువు. తెలుగు లిపిలో వంపులూ సున్నలూ ఎక్కువ కాబట్టి, ఈ పురుగు సంస్కృతంకన్నా తెలుగునే బాగా రాయగలదని చమత్కారానికి అనుకోవచ్చు.

న్యాయం చెప్పినవారి దృష్టి అక్షరం మీద ఉన్నది. ఆ అక్షరాన్ని రాసిన ప్రాణి ఎవరు, అక్కడే ఎందుకు రాసింది, దానిని చదవగలవారెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నలు వారికి అవసరం లేకపోయాయి. అవి అడగవలసిన ప్రశ్నలే.

ఘుణమన్న ఒక్క మాటలో అనేక కీటకాలు ఇమిడి ఉన్నాయి. తాళపత్ర గ్రంథాలను తూట్లు పొడిచేది ఒక పురుగు. నిమ్మగడ్డి తైలం పూసి ఆకులను కాపాడుకున్నది దాని బెడద వల్లనే. వెదురు బొంగును పిండిగా మార్చేది మరొకటి. పొడవాటి మీసాలతో మామిడి మానును తొలిచేది ఇంకొకటి. వీటన్నిటిలో అందచందాలు గల వంశం ఒకటి ఉన్నది. శాస్త్రజ్ఞులు దానికి బుప్రెస్టిడే అని పేరు పెట్టారు. వాడుకలో రత్నకీటకాలనవచ్చు. ప్రపంచంలో ఈ వంశానికి చెందిన జాతులు సుమారు 15,000 వరకు ఉన్నాయి. తెలుగు పల్లెల్లో తొలకరికి తుమ్మచెట్ల మీద వాలే పచ్చని జీరంగి ఈ వంశానిదే. దానిని బంగారు పురుగు అనీ అంటారు. అగ్గిపెట్టెలో నాలుగు తుమ్మాకులు వేసి దానిని దాచుకోని పల్లెటూరి బాల్యం ఒకప్పుడు అరుదు.

జీరంగి వంశంలో పెద్దది, పేరున్నది. దాని చిన్న జ్ఞాతులను ఎవరూ గుర్తించరు. వాటిలో అగ్రిలస్ అనే ప్రజాతి ముఖ్యమైనది. ఒకే ప్రజాతి కింద 3,000కు పైగా జాతులు లెక్కకు వచ్చాయి. జంతుప్రపంచంలో ఇంతటి సంతానమున్న ప్రజాతి మరొకటి లేదని కీటకశాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ పురుగు సన్నగా, కొనదేరి, నెల్లూరి మొలగొలుకుల గింజంత పొడవున ఉంటుంది. నీడలో చూస్తే నల్లనిది. ఎండ పడితే ఇత్తడి వన్నె, రాగి వన్నె, నెమలికంఠపు నీలం ఒకదాని వెంట ఒకటి దాని వీపు మీద పరుగెడతాయి. చేయి చాపితే రాలిపోయినట్లు కిందపడి, నేలను తాకకముందే ఎగిరిపోతుంది. అందువల్ల దానిని చూసినవారి కన్నా అది రాసిన రాతను చూసినవారే ఎక్కువ.

పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు నుంచి దక్షిణంగా పులికాట్ సరస్సు వరకు నెల్లూరు తీరమంతా ఇసుక నేల. ఆ ఇసుకలో తాడి, సరుగుడు, జీడిమామిడి, వేప, కానుగ, తుమ్మ పెరుగుతాయి. ఎండాకాలం నిప్పులు చెరుగుతుంది. ఇక్కడి వాన ఎక్కువ భాగం ఈశాన్య ఋతుపవనాలదే. అది కూడా వాయుగుండాన్నో తుఫానునో వెంటబెట్టుకొని వస్తుంది. ఏడాదిలో చాలాకాలం దాహంతో, కొద్దికాలం గాలిదెబ్బతో బతికే చెట్లు ఇవి. కర్రను తొలిచే పురుగుకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

రత్నకీటకాలు సూర్యోపాసకులు. మబ్బు పట్టిన రోజున ఆకుల చాటున అణగి ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో మానుల మీద తిరుగుతాయి. తల్లిపురుగు ఎండ సోకే పక్క బెరడు పగుళ్లను వెదికి, అందులో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వెలువడిన పిల్లపురుగుకు కాళ్లు ఉండవు, కళ్లు ఉండవు. తెల్లని సన్నని దారంలాంటి ఒడలు, తల వెనుక ఒక వెడల్పాటి చదునైన భాగం, ముందు గట్టి దవడలు, అంతే. అది బెరడును తొలుచుకొని లోపలికి పోతుంది. బయటి బెరడుకూ లోపలి చేవకూ నడుమ పలుచని పొర ఒకటి ఉన్నది. ఆకులు వండిన చక్కెర ఆ పొర గుండానే వేళ్లకు దిగుతుంది. చెట్టుకు అది అన్నవాహిక. పిల్లపురుగు అక్కడ చేరి, తింటూ, తిన్నంత మేర సొరంగం చేసుకుంటూ పోతుంది.

ఈ సొరంగమే అక్షరం. ఎండిన కొమ్మ మీద బెరడు ఒలిస్తే కనబడేది అదే. దానిని కొంచెం నిదానించి చూసినవారికి మొదలేదో తుది ఏదో తెలుస్తుంది. ఆరంభంలో గీత వెంట్రుకవాసి ఉంటుంది. పురుగు పెరిగేకొద్దీ గీత వెడల్పవుతుంది. తాటాకు మీద గంటం పట్టిన లేఖకుడు గీత మందాన్ని మార్చడు. ఈ లేఖకుడు తన వయసును గీతలోనే చెప్పుకుంటాడు. కొన్నిచోట్ల గీత పాము నడకలా మెలికలు తిరుగుతుంది. ఎదిగిన పురుగు చివరకు కర్రలోనో మందమైన బెరడులోనో చిన్న గది చేసుకొని, కోశస్థ దశలో కొంతకాలం నిద్రించి, రెక్కల పురుగుగా మారి, బయటికి కొత్త దారి కొరుక్కుంటుంది. ఆ ద్వారం గుండ్రంగా ఉండదు. పురుగు వీపు చదును, పొట్ట గుండ్రన కాబట్టి, అది వెళ్లిన కన్నం ఒకపక్క నిట్టనిలువు గీతతో అర్ధచంద్రాకారంలో ఉంటుంది. వాక్యం చివర పెట్టిన విరామచిహ్నం అది.

నెల్లూరు పల్లెల్లో పాతకాలపు వడ్రంగులు ఈ రాతను చదివేవారు. శాస్త్రపరిభాష వారికి లేదు. చదువు మాత్రం ఉన్నది. కర్ర కొనేముందు దాని మీద వేలికణుపుతో తట్టి శబ్దం వినేవారు. కన్నాలుంటే వాటి ఆకారం చూసేవారు. కన్నం నుంచి మెత్తని తెల్లని పిండి రాలుతున్నదంటే లోపల పురుగు బతికి ఉన్నదని, దాని పని ఇంకా పూర్తికాలేదని అర్థం. ఆ కర్ర తలుపుకు పనికిరాదు. అర్ధచంద్రపు కన్నాలుండి పిండి రాలకపోతే సంగతి వేరు. రత్నకీటకపు పిల్ల తాను నమిలిన పొట్టును బయటికి నెట్టదు. సొరంగంలోనే వెనుకకు దట్టించి కూరుతుంది. అటువంటి కర్రను బెరడు ఒలిచి చూడాలి. పైపై పొరలలోనే రాత ఉంటే చిత్రిక పడితే పోతుంది. చేవలోకి దిగి ఉంటే పొయ్యిలోకే.

కోసిన మానును వెంటనే బెరడు ఒలవడం, చెరువులో కొన్ని నెలలు నానవేయడం వారి ఆచారం. బెరడు లేకుంటే గుడ్డు పెట్టడానికి పగులు లేదు. నీటిలో నానితే కర్రలోని చక్కెరలు, పిండిపదార్థాలు కరిగిపోతాయి. పురుగుకు కూడు మిగలదు. కాలువగట్టున కర్ర నానవేసిన ఆ నిరక్షరాస్యుడికి తెలిసిన కీటకశాస్త్రం చాలామంది పట్టభద్రులకు తెలియదంటే అతిశయోక్తి కాదు.

పైకి చేరిన కర్రలో పురుగు ఎంతకాలం బతకగలదన్నది ఆశ్చర్యం కలిగించే విషయం. పచ్చి మానులో ఏడాది రెండేళ్లలో ముగియవలసిన జీవితం, ఎండిన కర్రలో పోషకాలు చాలక సాగుతూ పోతుంది. ఉత్తర అమెరికా పడమటి అడవుల రత్నకీటకం ఒకటి 1983లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఒక ఇంటి మెట్ల కర్ర నుంచి వెలువడింది. ఆ కర్రలో అది డింభకంగా గడిపిన కాలం కొన్ని దశాబ్దాలు. బయటికి వచ్చేసరికి దానికి తెలిసిన అడవి కాదుకదా, ఖండమే అక్కడ లేదు.

ఇంతకూ పురుగు ఒక చెట్టునే ఎందుకు ఎన్నుకుంటుంది? పక్కపక్కనే రెండు మామిడిచెట్లున్నాయనుకుందాం. రెండింటి మీదా తల్లిపురుగులు గుడ్లు పెట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న చెట్టులో పిల్లపురుగు లోపలికి చేరగానే జీవరసం పొంగుతుంది, జిగురు ఊరుతుంది, గాయం చుట్టూ కొత్త కణజాలం పెరిగి సొరంగాన్ని పూడ్చివేస్తుంది. పురుగు తన మొదటి అక్షరం పూర్తి చేయకముందే సమసిపోతుంది. దాహంతోనో, వేరు దెబ్బతినో, కొమ్మ విరిగో నీరసించిన చెట్టుకు అంత రసం లేదు. అక్కడ రాత సాగుతుంది. కాబట్టి బెరడు కింద పూర్తయిన రాత ఒకటి ఉన్నదంటే, ఆ కాలంలో ఆ చెట్టు బలహీనంగా ఉండిందన్నమాట. పురుగు చెట్టును చంపిందని తోట యజమాని అంటాడు. చాలా సందర్భాలలో పురుగు వచ్చేనాటికి చెట్టు కుంగి ఉన్నది; ఆ సంగతి యజమానికన్నా ముందు పురుగు కనిపెట్టింది. కొన్ని రత్నకీటకాలకు ఈ కనిపెట్టే శక్తి విడ్డూరమనిపించేంత ఉన్నది. మెలనోఫిలా అనే ప్రజాతి పురుగులు పరారుణ కిరణాలను గ్రహించే అవయవాలతో అడవి మంటలను దూరం నుంచే గుర్తించి, చల్లారీ చల్లారని మానులలో గుడ్లు పెడతాయి.

ఇక్కడ న్యాయానికి కొంచెం సవరణ అవసరమవుతుంది. పురుగు రాసిన వంపులు యాదృచ్ఛికమే కావచ్చు. ఆ చెట్టు మీద, ఆ కొమ్మ మీద, ఆ సంవత్సరంలో రాయడం మాత్రం యాదృచ్ఛికం కాదు. అర్థం అక్షరం ఆకారంలో లేదు; అక్షరం పడిన చోటులో ఉన్నది.

నెల్లూరు తీరంలో ఈ రాతకు అవకాశమిచ్చే ఉత్పాతాలకు కొదవ లేదు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీవ్రమైన తుఫానులు తీరాన్ని తాకాయి. గాలికి పడిపోయిన చెట్టు కంటికి కనిపిస్తుంది. పడిపోక, వేళ్లు కదిలి, కొమ్మలు చీలి నిలబడిన చెట్టు బాగానే ఉన్నట్లుంటుంది. కర్ర తొలిచే పురుగులు చేరేది ఇటువంటి చెట్లనే. తుఫాను తరువాత రెండు మూడు ఏళ్లకు ఒక్కొక్కటిగా ఎండిపోయే మామిడి, జీడిమామిడి చెట్లను చూసి రైతు ఏ తెగులోనని బెంగపడుతుంటాడు. విరిగిన కొమ్మలను చీలిక దిగువ వరకు నునుపుగా కోసివేసి, ఎండిన కర్రను వానలకు ముందే తోట నుంచి తొలగించాలని వ్యవసాయ నిపుణులు చెప్పడంలో ఉద్దేశం ఇదే. తోటలో ఆ మాట పాటించవలసిందే. అడవిలో పాటిస్తే అడవి నష్టపోతుంది.

అడవిలో ఎండిన మాను వ్యర్థం కాదు. రత్నకీటకపు పిల్ల సొరంగం చేసినచోట నీరు దిగుతుంది. నీటి వెంట శిలీంధ్రం చేరుతుంది. శిలీంధ్రం మెత్తబరచిన కర్రలోకి మరికొన్ని పురుగులు వస్తాయి. వాటికోసం వడ్రంగిపిట్ట వస్తుంది. బంగారు వీపుతో, ఎర్రని కుచ్చుతో మానును నిలువునా ఎక్కుతూ, ముక్కుతో తట్టి శబ్దం వింటుంది. మనిషి వడ్రంగి చేసే పరీక్షే అది. దానికి ఆ పేరు పెట్టినవారు పిట్టనూ మనిషినీ ఇద్దరినీ బాగా చూసినవారై ఉండాలి. పిట్ట తొలిచి వదిలిన తొర్రలో మరుసటి ఏడు గోరింక, పైడికంటి కాపురం పెడతాయి. పురుగు వదిలివెళ్లిన చిన్న కన్నాలలో ఒంటరి తేనెటీగలు, కందిరీగలు గూళ్లు కట్టుకుంటాయి. చివరకు చెదలు వచ్చి మిగిలినది మట్టికి అప్పగిస్తాయి. 2021లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి అధ్యయనం ప్రకారం చనిపోయిన కర్ర నుంచి ఏటా సుమారు 1,090 కోట్ల టన్నుల కర్బనం విడుదలవుతున్నది. అందులో దాదాపు 29 శాతం కీటకాల పని వల్ల జరుగుతున్నది. ఈ పని ఉష్ణమండలంలోనే ఎక్కువ. మొలగొలుకుల గింజంత పురుగును ఈ లెక్కలో చేర్చకుండా అడవిని లెక్కించలేము.

ఈ వంశంలో అందరూ మృతవృక్షాల సేవకులే అనుకుంటే పొరపాటు. వేరుశనగ కాండాన్ని తొలిచే స్పీనోప్టెరా అనే పురుగు కూడా రత్నకీటకమే. సెంటీమీటరు పొడవున ముదురు రాగి రంగులో ఉంటుంది. మొక్క మొదట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల కాండంలోనూ తల్లివేరులోనూ సొరంగం చేస్తుంది. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది. పీకి చూస్తే లోపల డొల్ల. తీరపు ఇసుకల్లో వేరుశనగ వేసిన చిన్న రైతుకు ఈ పురుగు వన్నె ఎంత అందమైనదో వర్ణించి చెబితే వినే ఓపిక ఉండదు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. వాడిన మొక్కలను వేళ్లతో సహా పీకి కాల్చడం అతని పని.

వన్నె సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి రెండు మాటలు. రత్నకీటకపు రెక్కల మీద కనిపించే ఆకుపచ్చ, నీలం చాలావరకు వర్ణద్రవ్యాల వల్ల ఏర్పడినవి కావు. ఒకదాని మీద ఒకటి పేర్చిన అతి సూక్ష్మమైన పొరల నుంచి వెలుగు పరావర్తనం చెందడంవల్ల పుట్టిన రంగులు. సబ్బుబుడగ మీది రంగులకు దగ్గరి చుట్టాలు. అందుకే పురుగు చనిపోయినా రంగు వెలిసిపోదు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదు వంటి నగరాలలో జీరంగి రెక్కలను జరీతో కలిపి సన్నని బట్టల మీద కుట్టేవారు. వాటికి ఐరోపాలో గిరాకీ ఉండేది. 1888లో లండను రంగస్థలం మీద ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్‌గా ధరించిన దుస్తుల మీద ఇటువంటి రెక్కలు వేయి వరకు ఉన్నాయి. ఆ దుస్తులు నేటికీ నిలిచి ఉన్నాయి. మరి ఇంత మెరుపు పక్షి కంట పడదా? బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన ప్రయోగఫలితాలలో, ఆకుల మీద అమర్చిన జీరంగి రెక్కలను పక్షులు ఇతర రంగుల వాటికన్నా తక్కువగా పొడిచాయని తేలింది. కదిలే వెలుగులో మారే రంగు పురుగు రూపురేఖలను చెదరగొడుతుంది. నగలా కనిపించేది నిజానికి ముసుగు.

ఈ పురుగు స్వస్థానం దాటితే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా దాకా పోవలసి ఉంటుంది. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరం చుట్టుపక్కల, 2002లో యాష్ చెట్లు మూకుమ్మడిగా ఎండిపోవడం గమనించారు. బెరడు ఒలిస్తే పాము నడకల రాత. కన్నాలు అర్ధచంద్రాకారం. దొరికిన పురుగు అగ్రిలస్ ప్రజాతిదే. సెంటీమీటరు పైచిలుకు పొడవు, మరకతం వన్నె. అది ఈశాన్య ఆసియాకు చెందినది. సరుకులు సర్దిన చెక్కపెట్టెలలో దాగి, గుర్తించడానికి చాలా ఏళ్ల ముందే ఓడ దిగి ఉండవచ్చని నిర్ధారించారు.

పుట్టిన గడ్డ మీద ఆ పురుగు నెల్లూరు పురుగుకన్నా చెడ్డది కాదు. అక్కడి మంచూరియా యాష్ చెట్టుకూ దానికీ యుగయుగాల పరిచయం. బలంగా ఉన్న చెట్టు దానిని తిప్పికొడుతుంది. నీరసించిన చెట్టునే అది తింటుంది. అమెరికా యాష్‌కు ఆ పరిచయం లేదు. తగిన రసాయనాలు దాని బెరడులో సిద్ధంగా లేవు. ఆరోగ్యమైన చెట్టూ రోగిష్టి చెట్టూ ఒకే తీరున లొంగిపోయాయి. వందలాది పిల్లపురుగులు ఒకే మానులో మెలికలు తిరుగుతూ అన్నవాహికను నలువైపులా తెగ్గోసేసరికి కొద్ది సంవత్సరాలలోనే చెట్టు చనిపోతుంది. ఇప్పటివరకు కోట్లాది చెట్లు ఎండిపోయాయి. 35కు పైగా రాష్ట్రాలకు పురుగు వ్యాపించింది. నల్ల యాష్ కాండాన్ని దంచి, పొరలుగా చీల్చి బుట్టలల్లే ఆదివాసీ జాతులు అక్కడ ఉన్నాయి. తాతల నాటి ఆ విద్యకు ముడిసరుకే కరువవుతున్నది. 2007 నుంచి చైనాకు చెందిన అతి చిన్న కందిరీగలను తెచ్చి ఆ అడవులలో విడుస్తున్నారు. అవి ఈ పురుగు గుడ్లలోనూ పిల్లలలోనూ తమ గుడ్లు పెట్టి దానిని అదుపు చేస్తాయి. పురుగు ఒంటరిగా వలస పోయింది. దాని శత్రువులను వెనుక నుంచి పిలిపించవలసి వచ్చింది.

అంతర్జాతీయ వ్యాపారంలో సరుకు సర్దే చెక్కకు 2002లో ఒక ప్రమాణం ఏర్పడింది. చెక్క నడిమి భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉండాలి. లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేయాలి. శుద్ధి అయిన చెక్క మీద గోధుమకంకి ముద్ర వేస్తారు. రేవుల్లోనూ గోదాముల్లోనూ కనిపించే చెక్కబల్లల మీద ఆ ముద్రను ఎవరైనా చూడవచ్చు. చెరువులో కర్ర నానవేసిన వడ్రంగి చేసినదీ, ఈ ముద్ర చేస్తున్నదీ ఒకటే పని.

నెల్లూరు తీరానికి మళ్లీ వస్తే, ఎండిన మాను పడినచోటే పడి ఉండగలిగిన స్థలాలు ఇక్కడ ఎక్కువ మిగలలేదు. సరుగుడు తోటలను కొన్నేళ్లకొకసారి మొదలంటా నరుకుతారు. సర్కారు తుమ్మను బొగ్గుకు కాలుస్తారు. పుల్లలేరుకొని పొయ్యి వెలిగించుకునే పేదవారిని తప్పుపట్టడం సరికాదు. వారు తీసుకుపోయేది కొంచెమే. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో మాత్రం తీరప్రాంతపు శుష్క సతతహరిత అడవి చెప్పుకోదగినంత నిలిచి ఉన్నది. పాల, నేరేడు, అల్లి వంటి చెట్లు గుబురుగా పెరిగే అడవి అది. ఆ దీవి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనిది; 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. రాకెట్ ప్రయోగాలకోసం 1969లో ఆ చోటును ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. భద్రత దృష్ట్యా మనుషుల రాకపోకలు తగ్గడంతో అడవికి ఊపిరి పీల్చుకునే వీలు చిక్కింది. అంతరిక్ష విజ్ఞానం పుణ్యమా అని ఒక పురాతన అడవి మిగలడం, ఘుణాక్షర న్యాయానికి చక్కని ఉదాహరణ.

ఈ కథలో మరొక పక్క కూడా ఉన్నది. ఆ దీవిలో యానాదులు తరతరాలుగా అడవిని నమ్ముకొని బతికారు. తేనె, దుంపలు, మూలికలు, వంటచెరకు వారి జీవనాధారం. ఏ చెట్టు తొర్రలో తేనె ఉన్నదో, ఏ మాను లోపల పుచ్చిపోయిందో బెరడు చూసి చెప్పగల చదువు వారిది. కేంద్రం ఏర్పాటుకోసం 1970 ప్రాంతంలో చాలా కుటుంబాలను దీవి నుంచి తరలించారు. అడవి నిలిచింది, దానిని చదివినవారు సరస్సు ఆవలి ఒడ్డున కూలిపనులకూ చేపలవేటకూ చెదిరిపోయారు. తాళపత్రం భద్రంగా ఉండి, ఆ లిపి తెలిసినవారు లేకపోవడం గ్రంథాలయాలకు కొత్త అనుభవం కాదు. అడవి విషయంలో ఆ నష్టాన్ని లెక్కకట్టినవారు తక్కువ.

శ్రీహరికోటలో నేడు ఒక పాలచెట్టు కొమ్మ గాలికి విరిగితే దానిని మోసుకుపోయేవారు అంతగా ఉండరు. అది పడినచోటే ఎండుతుంది. ఎండ సోకిన పక్కన, బెరడు పగులులో, తల్లిపురుగు గుడ్లు పెడుతుంది. వానలకు బెరడు వదులవుతుంది. రెండు మూడు ఏళ్లకు ఊడి కిందపడుతుంది. లోపలి రాత కొన్నాళ్లు వెలుగులో ఉంటుంది. ఆ తరువాత చెదలు దాని మీద మట్టి పూస్తాయి.